ఏనుగుగుండు మీది బోరు

పాతాళ జల పర్యవేక్షణ మండలి డైరెక్టరు పంచాక్షరిగారు ఢిల్లీలో వారం రోజుల శిక్షణకు వెళ్ళి, భూమిని కొయ్యడం నేర్చుకుని వచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్ళారు. ఒక సూట్‌కేసు, ఒక మందుల సంచీ, రైల్లో తినడానికి పులిహోర పొట్లం. వచ్చేటప్పటికి మాత్రం ఆయన మనసులో ఒక గీత పడిపోయింది.

"ఇన్నాళ్ళూ మనం భూమిని పైనుంచి చూశాం. అదే మనం చేసిన పొరపాటు" అన్నారు మర్నాడు స్టాఫ్ మీటింగులో. "పుచ్చకాయను పైనుంచి ఎంతసేపు చూసినా గింజలు కనబడవు. కొయ్యాలి. కోసి, పక్కనుంచి చూడాలి. దీన్ని అడ్డుకోత అంటారు. ఇకమీదట ఈ జిల్లాలో నీటికి సంబంధించిన సమస్త నిర్ణయాలూ అడ్డుకోత ప్రాతిపదికన తీసుకోబడతాయి."

అందరూ చప్పట్లు కొట్టారు. వారిలో అసిస్టెంట్ జియాలజిస్ట్ దమయంతి కూడా ఉంది. ఆమె మనస్ఫూర్తిగానే కొట్టింది. అడ్డుకోత మంచి పద్ధతే. ఎక్కడిదాకా మట్టి, ఎక్కడినుంచి రాయి, నీళ్ళు ఏ పొరలో నక్కి ఉన్నాయి అన్నది బొమ్మగీసి చూపిస్తుంది. కాలేజీలో చదువుకున్నప్పటినుంచీ ఆమెకు అదంటే ఇష్టం. ఒక మంచి పద్ధతి తన ఆఫీసు చేతిలో పడితే ఏమవుతుందో అప్పటికింకా ఆమెకు తెలియదు.

గోడమీది జిల్లా పటానికి ఎదురుగా డైరెక్టరుగారు కుర్చీ వేసుకుని ఎక్కి, ఎర్ర పెన్సిలుతో బస్టాండు వెనకనుంచి రాష్ట్ర సరిహద్దు వరకు ఒక గీత గీశారు. ఈ కొసకు 'అ' అనీ ఆ కొసకు 'ఆ' అనీ పేర్లు పెట్టారు. గీత ఎక్కడా వంగలేదు. కొండొచ్చినా, చెరువొచ్చినా, ఊరొచ్చినా తిన్నగానే పోయింది. శాస్త్రానికి మొహమాటం ఉండకూడదని ఆయన అభిప్రాయం. తర్వాత 'అ' దగ్గర షామియానా వేసి, జిల్లా మంత్రిగారితో శిలాఫలకం ఆవిష్కరింపజేశారు. దాంతో గీత శాశ్వతమైపోయింది. ప్రారంభోత్సవం జరిగిపోయిన గీతను కదిపే అధికారం మళ్ళీ మంత్రిగారికి కూడా ఉండదు.

అయితే భూమిని నిజంగా కొయ్యలేం కదా. కాబట్టి బోర్లు వేసినప్పుడు ఎన్ని అడుగుల్లో ఏ మట్టి పడింది, ఏ రాయి తగిలింది అని రాసిపెట్టుకున్న వివరాలతోనే బొమ్మ గియ్యాలి. అందుకు గీతకు దగ్గర్లో ఉన్న బోర్లను ఏరుకోవాలి. దగ్గర అంటే ఎంత దగ్గర అన్న విషయం మీద ఒక కమిటీ కూర్చుంది. చాలా టీలు తాగింది. నాలుగు వందల తొంభై మీటర్లంటే బేరమాడినట్టు ఉంటుందనీ, వెయ్యి అంటే మరీ ఉదారంగా ఉంటుందనీ తర్జనభర్జనలు పడి, ఐదు వందల దగ్గర లేచింది.

కంప్యూటరుకు బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టారు. దమయంతి ఐదు వందలని టైపు చేసి పక్కకు జరిగితే డైరెక్టరుగారు చూపుడువేలితో మీట నొక్కారు. తెర మీద జిల్లా అంతటా చల్లినట్టున్న నల్లచుక్కల్లో, గీతకు ఐదు వందల మీటర్ల లోపు ఉన్నవన్నీ పసుపురంగులోకి తిరిగాయి. చూడ్డానికి బాగుంది.

"పసుపువి బోర్లు. మిగిలినవి చుక్కలు" అన్నారు డైరెక్టరుగారు.

అందరూ నవ్వారు. హాస్యం అనుకున్నారు. వారం తిరక్కుండా అది ఉత్తర్వుగా వచ్చింది. చుక్కలకు విద్యుత్ సరఫరా అవసరం లేదు గనక తొలగించవలసిందని కరెంటు ఆఫీసుకు ఒక నకలు వెళ్ళింది. కరెంటువాళ్ళు తీగలు ఇవ్వడంలో ఆలస్యం చేస్తారేమో గానీ తీసెయ్యడంలో ఎప్పుడూ చెయ్యరు. దాంతో పల్లెల్లోంచి జనం ట్రాక్టర్లెక్కి రావడం మొదలైంది. "సార్, మా బోరుకి పసుపు పడిందా?" అని ఒకరు, "మా అల్లుడిగారి ఊరి బోరుకి పడిందంట, మాదేం పాపం చేసింది?" అని ఇంకొకరు.

దమయంతికి వాళ్ళను చూస్తే జాలేసేది. కానీ ఆ పసుపు చూసుకుని లోలోపల ఆమె సంతోషపడిన మాట కూడా నిజం. కారణం బొమ్మరాయిపల్లె. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె చోటు చూపించి వేయించిన మొట్టమొదటి బోరు అది. అంతకుముందు ఆ ఊళ్ళో వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కాయి. మండుటెండలో ఆమె యంత్రం పట్టుకుని పొలాల వెంబడి తిరుగుతుంటే, ఓబులమ్మ అనే ఆవిడ గొడుగు పట్టుకుని వెనకాలే తిరుగుతూ, "ఈ పాప ముఖం చూస్తే నీళ్ళు పడేట్టు లేదే" అని దారి పొడుగునా దెప్పింది. తీరా నీళ్ళు పైకెగసి ఇద్దర్నీ తడిపేసినప్పుడు ఆ ఓబులమ్మే ఆమెను వాటేసుకుని బావురుమంది. ఇప్పుడావిడ ఆ ఊరి సర్పంచి. వేసవిలో ఊరికంతటికీ ఆ ఒక్క బోరే ఆధారం. అది గీతకు నాలుగు వందల ముప్ఫై మీటర్ల దూరంలో ఉంది. తెరమీద అది పసుపుపచ్చగా వెలగ్గానే దమయంతికి కడుపు నిండినట్టయింది.

తర్వాత బొమ్మ గీశారు. ఆ బొమ్మలో పొడుగూ లోతూ మాత్రమే ఉంటాయి, వెడల్పు ఉండదు. అందుకని గీతకు అటూ ఇటూ ఉన్న పసుపు బోర్లన్నిటినీ తిన్నగా లాక్కొచ్చి గీత మీద నిలబెడతారు. ఆఫీసు భాషలో దీనికి ప్రక్షేపణ అని పేరు. అలా లాగితే బొమ్మరాయిపల్లె బోరు పోయి పోయి ఏనుగుగుండు మీద నిలబడింది. ఏనుగుగుండంటే ఊరికి పక్కనున్న బోడి బండ. మేకలు కూడా పనిలేక ఎక్కవు.

దమయంతి బొమ్మ అడుగున చిన్న అక్షరాలతో ఒక వాక్యం చేర్చింది. 'గమనిక: బోర్లు గీతకు అటూ ఇటూ ఉన్నవి. బొమ్మ కోసం గీత మీదికి లాగి చూపడమైనది.'

"ఇదేమిటి, కింద?" అన్నారు డైరెక్టరుగారు.

"గమనిక సార్."

"అవసరమా?"

"లేకపోతే బోరు నిజంగా అక్కడే ఉందనుకుంటారు సార్."

"ఎవరనుకుంటారు?"

"చూసేవాళ్ళు."

"చూసేది మనమే కదా. మనకు తెలుసు కదా" అన్నారు ఆయన, చిన్నపిల్లకు చెప్పినట్టు. గమనిక తీసేసి ఆ జాగాలో మండలి చిహ్నం వేయించారు. బొమ్మకు నిండుదనం వచ్చిందని అందరూ ఒప్పుకున్నారు.

బొమ్మను పెద్ద ఫ్రేము కట్టించి డైరెక్టరుగారి కుర్చీకి ఎదురుగా తగిలించారు. ఆయన రోజూ దాన్ని చూసేవారు. ఫైలు చూస్తూ చూసేవారు, ఫోన్ మాట్లాడుతూ చూసేవారు, భోజనం చేసి కునుకు తీసి లేచి మళ్ళీ చూసేవారు. మూడు నెలలయ్యేసరికి మనకు తెలుసన్న సంగతి ఆయనకు గుర్తులేదు.

మార్చిలో ఆయన స్థల తనిఖీకి బయల్దేరారు. వెంట దమయంతి, జీపు డ్రైవరు మస్తాన్ వలీ, చేతిలో బొమ్మలో బోరున్న చోటును ఎక్కించిన జీపీఎస్ పెట్టె. పెట్టె చెప్పిన దారినే నడిచి, టోపీ సర్దుకుంటూ, చేతులూ కాళ్ళూ ఆనించుకుంటూ ఏనుగుగుండు ఎక్కారు. పైన ఒక తొండ ఉంది. అది వీళ్ళను చూసి నాలుగుసార్లు తల ఊపి వెళ్ళిపోయింది.

"బోరేది?" అన్నారు డైరెక్టరుగారు.

"ఊళ్ళో ఉంది సార్. అదుగో, ఆ సిమెంటు ట్యాంకు పక్కన."

"ఊళ్ళో ఎందుకుంది?"

"మొదట్నుంచీ అక్కడే ఉంది సార్. బొమ్మకోసం మనమే ఇక్కడికి లాగాం."

"లాగినప్పుడు రావాలి కదా" అన్నారాయన.

మస్తాన్ వలీ దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. డైరెక్టరుగారు జీపీఎస్ పెట్టెను ఒకసారి, బండను ఒకసారి చూసి, సమస్యను అక్కడికక్కడే పరిష్కరించారు. బొమ్మ శాస్త్రీయంగా తయారైంది. పెట్టె ఉపగ్రహంతో మాట్లాడి చెబుతోంది. ఇక తప్పు చెయ్యడానికి మిగిలింది బోరొక్కటే.

ఊళ్ళోకి వెళ్ళేసరికి బోరు దగ్గర బిందెలు బారులు తీరి ఉన్నాయి. ఓబులమ్మ స్టార్టరు పెట్టె దగ్గర నిలబడి, ముందుకు జరిగిన బిందెను వెనక్కి తోస్తూ ఎవరితోనో తగువాడుతోంది. దమయంతిని చూడగానే ముఖం విప్పారింది. "ఏం పాపా, చిక్కిపోయినావే! తింటాండావా లేదా?"

"ఈ బోరు ఇక్కడికెప్పుడొచ్చింది?" అన్నారు డైరెక్టరుగారు.

"యాడికన్నా పోతే గదా సార్, వచ్చేదానికి?"

"ప్రభుత్వ రికార్డుల ప్రకారం ఇది ఏనుగుగుండు మీద ఉండవలసి ఉంది."

"గుండు మీద ఎవురుంటారు సార్? గబ్బిలాయిలు గూడా ఉండవు ఆడ."

"ఎవరుంటారన్నది కాదమ్మా ప్రశ్న. ఏది ఎక్కడ ఉండాలన్నది ప్రశ్న."

ఓబులమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, దమయంతి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఈ సారుకు ఎండదెబ్బ తగిలినట్టుండాది పాపా. మజ్జిగ తెప్పిస్తా, కూర్చోబెట్టు."

మజ్జిగ వచ్చింది. డైరెక్టరుగారు రెండు గ్లాసులు తాగారు. ఆ మజ్జిగలో కలిపిన నీళ్ళు ఏ బోరువో ఆయన అడగలేదు. జీపెక్కి వెళ్ళిపోయారు.

మెమో నాలుగు రోజులకు తయారైంది. 'విషయం: బొమ్మరాయిపల్లె బోరు, స్థానభ్రంశం చెందుట, గురించి. పై విషయమై తెలియజేయడమేమనగా, సదరు బోరు తన అధికారిక స్థానమైన ఏనుగుగుండును వదలి అనుమతి లేకుండా గ్రామమధ్యమున ఉన్నట్లు తనిఖీలో వెల్లడైనది. కావున మోటారు, పైపులు, స్టార్టరు వగైరాలను ఊడదీసి యథాస్థానమున పునఃప్రతిష్ఠించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది. ఈ కార్యక్రమము వచ్చే సోమవారము ప్రారంభమగును.'

దమయంతి మెమో పట్టుకుని పరుగున వెళ్ళింది. "సార్, బండలో పైపు దించితే నీళ్ళెలా వస్తాయి?"

డైరెక్టరుగారు గోడవైపు చెయ్యి చూపించారు. "చూడండి. ఏనుగుగుండు కింద నీటి పొర ఎంత చక్కగా ఉందో. నీలిరంగు వేసింది మీరే కదా?"

"అది ఊరి కింది పొర సార్. బోరును లాగినప్పుడు పొర కూడా దాంతో వచ్చింది."

"పొర వచ్చింది. బోరు రాలేదు. అంటే క్రమశిక్షణ లేనిది ఎవరికి?"

"పోనీ ఆ బోరును ఎంపికలోంచి తీసేస్తాను సార్. అప్పుడు బొమ్మలోనే ఉండదు."

"తీసెయ్యండి. నాకేమీ అభ్యంతరం లేదు. తీసేస్తే అది చుక్క. చుక్కకు కరెంటు ఉండదు. మీకు తెలుసు."

"గీతను కొంచెం ఊరివైపు జరిపితే?"

డైరెక్టరుగారు గుళ్ళో చెప్పులతో తిరుగుతున్న మనిషిని చూసినట్టు ఆమెను చూశారు. "దమయంతిగారూ, శిలాఫలకం గ్రానైటు రాయి. మీరు సెలవు పెట్టి కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి."

ఆమె తన సీటులోకి వచ్చి కూలబడింది. ఆ బోరు పసుపురంగులో ఉంటే బండెక్కుతుంది. నలుపైతే ఎండిపోతుంది. బొమ్మ గీసిన చెయ్యి తనదే. గమనిక తీసెయ్యమన్నప్పుడు, అలా కుదరదు సార్ అని ఒక్కమాట అననిది కూడా తనే.

శుక్రవారం పొద్దున ఓబులమ్మ ఆఫీసుకు వచ్చింది. బస్సులో నిలబడి వచ్చినట్టుంది, చీర నలిగిపోయి ఉంది. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి దమయంతి బల్లమీద ఠపీమని పెట్టింది.

"ఇది యాడి నీళ్ళో మీ సారును అడుగు పాపా. గుండు మీదివా, ఊళ్ళోవా?"

"అక్కా, నేను చెప్పి చూశాను..."

"ఏం చెప్పినావు? నువ్వు చూపిచ్చిన చోటే గదా తవ్వింది! ఆ పొద్దు నిన్ను నమ్మితిమి. నీళ్ళు పడినాయి. నీ పేరు చెప్పుకోని తాగుతాండాం. ఈ పొద్దు నీ ఆఫీసే వచ్చి పీకుతాదంటే నేను ఊళ్ళో ఏమని చెప్పాల?" ఆవిడకు కోపంలో ఏడుపు వచ్చేసి, దానికి ఇంకా కోపం వచ్చింది. "సోమారం పీకుతారంట. మంగళారం ఏం తాగాల? ఈ ఎండల్లో ఊరు ఊరంతా లేచి యాడికి పోవాల, ఆ గుండు మీదికి పోవాల్నా?"

దమయంతికి సిగ్గుతో తల వాలిపోయింది. చెంగుతో ముఖం తుడుచుకుంటున్న ఆ మనిషి వైపు చూడలేక తెర వైపు చూసింది. తెర మీద ఎర్రగీత. దాని పక్కన పసుపు బోరు. ఆమె అలాగే కొంతసేపు చూసింది.

"అక్కా, ఇప్పుడేమన్నావు?"

"ఏమంటి? ఊరంతా గుండెక్కాల్నా అంటి."

"కూర్చో. టీ తాగు" అంది దమయంతి, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

బోరును లాగగా లేనిది ఊరినెందుకు లాగకూడదు? బొమ్మరాయిపల్లె ఇళ్ళన్నీ పటంలో చుక్కలుగా ఉన్నాయి. బడి, రేషన్ షాపు, రామాలయం, పాలకేంద్రం కూడా ఉన్నాయి. ఐదు వందలని కొట్టి మీట నొక్కింది. ఊరు ఊరంతా పసుపైంది. చివరి ఇల్లు కాసేపు ఆలోచించినట్టు ఆగి అదీ పసుపైంది. తర్వాత ప్రక్షేపణ నొక్కింది. ఇళ్ళూ, బడీ, రాముడూ అందరూ తిన్నగా నడిచి వెళ్ళి ఏనుగుగుండు మీద బోరు చుట్టూ సర్దుకున్నారు.

నోటు కూడా ఆమే రాసింది. తొమ్మిదేళ్ళ సర్వీసులో ఆ భాష ఆమెకూ వచ్చింది. 'సదరు గ్రామమును సైతము శాస్త్రీయముగా ప్రక్షేపించగా, గ్రామమే తన బోరు వద్దకు చేరుకున్నట్లు తేలినది. గ్రామమూ బోరూ ఒకేచోట ఉన్నందున, బోరును తరలించవలసిన ఆవశ్యకత కనబడుటలేదు. తమరి ఆమోదము కొరకు.'

డైరెక్టరుగారు రెండుసార్లు చదివారు. కళ్ళు మెరిశాయి. "చూశారా! నేను చెప్పలేదూ? గీతను నమ్ముకుంటే సమస్యలు వాటంతటవే సర్దుకుంటాయి. ఊరికి ఉన్న క్రమశిక్షణ బోరుకు లేకపోయింది, అంతే తేడా." పచ్చసిరాతో సంతకం పెట్టేశారు. సోమవారం పైపులు పీకే లారీ సగం దారిలోంచి వెనక్కి తిరిగింది.

దమయంతి ఆ సాయంత్రమే ఊరికి వెళ్ళి సంగతంతా చెప్పింది. ఓబులమ్మ శ్రద్ధగా విన్నది.

"అంటే ఇప్పుడు మేము గుండు మీద ఉండామా?"

"కాగితం మీద, అక్కా."

"కాగితం మీద మాకు శానా ఉండాయిలే పాపా. తారురోడ్డుండాది, మురిక్కాలవుండాది, ఆస్పత్రుండాది. ఇంగ ఈ గుండు గూడా ఉండనీ" అంది ఓబులమ్మ, మోటారు స్విచ్చి నొక్కుతూ. నీళ్ళు దూకాయి. దమయంతి దోసిలి పట్టి తాగింది. ఆ రాత్రి ఆమెకు చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

కానీ ప్రభుత్వంలో ఒక కాగితం బయల్దేరితే ఒక గదిలో ఆగదు. మొదట రేషన్ బండి గుండు దగ్గరికి వెళ్ళి ఆగింది. ఊరు ఇక్కడే ఉన్నట్టు రికార్డులో ఉందని బండి డ్రైవరు చెప్పాడు. జనం సంచులు పట్టుకుని వెళ్ళి, బియ్యం మూటలు నెత్తిన పెట్టుకుని ఎండలో వెనక్కి నడిచారు. తర్వాత నర్సమ్మ గుండు నీడలో కూర్చుని పిల్లలకు చుక్కలమందు వేసింది. బడిపంతులు మాత్రం, ఊరెక్కడుందో తేలేవరకు తను ఇంటిదగ్గర ఉండటమే సబబని ఇంటిదగ్గర ఉన్నారు. ఓబులమ్మ అర్జీ పెడితే, గ్రామస్థులు తమ అధికారిక నివాసానికి దూరంగా నివసిస్తున్నారన్న విషయాన్ని సానుభూతితో పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది.

ఇంతలో రాజధానినుంచి మెచ్చుకోలు వచ్చింది. బొమ్మరాయిపల్లెను ఆదర్శ రేఖా గ్రామంగా ప్రకటించారు. డైరెక్టరుగారికి శాలువా కప్పారు. ఈ పద్ధతి ఇంత బాగుంటే దీన్ని జిల్లాలోని సమస్త ప్రభుత్వ ఆస్తులకూ వర్తింపజేయాలని, నిబంధన అందరికీ ఒకటేనని ఆ సభలోనే తీర్మానించారు. డైరెక్టరుగారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం, ఆయన గదిలో ఏసీ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. ఫ్యాను కూడా ఆగింది. ఆయన కరెంటు ఆఫీసుకు ఫోన్ చేశారు.

"మీ కార్యాలయం గీతకు మూడు కిలోమీటర్ల దూరంలో ఉందండి" అన్నాడు అవతల ఇంజనీరు, ఎంతో మర్యాదగా. "అంటే చుక్కండి."

"నేను డైరెక్టర్ని మాట్లాడుతున్నాను!"

"తమరి ఉత్తర్వు నకలు నా ఎదురుగానే ఉందండి. చుక్కలకు విద్యుత్ అవసరం లేదని తమరే సెలవిచ్చారు. ఎంత స్పష్టంగా రాశారండీ!"

ఆయనకు ఆ మాటకు పొంగిపోవాలో, కోప్పడాలో తెలియలేదు. కాసేపు రెండూ చేశారు. ఆఫీసు గీత మీదికి మారాల్సిందే. గీత పొడుగునా వెతికితే, ఎవరూ ఆక్రమించని ప్రభుత్వ స్థలం ఒక్కటే కనబడింది. ఎవరికైనా పనికొచ్చేదైతే ఈపాటికే ఆక్రమించి ఉండేవారు.

అలా పాతాళ జల పర్యవేక్షణ మండలి ఏనుగుగుండు ఎక్కింది. బండమీద షామియానా వేశారు. బల్లలు, కుర్చీలు, ఫైళ్ళు, ఫ్రేము కట్టిన బొమ్మ మనుషుల వీపుల మీద పైకి చేరాయి. మంచినీళ్ళ క్యాన్లు తెప్పించమంటారా అని మస్తాన్ వలీ అడిగితే డైరెక్టరుగారు నవ్వారు. "క్యాన్లెందుకయ్యా? బోరు ఇక్కడే ఉంటే!"

మొదటిరోజు పన్నెండు గంటలకు బండ పెనంలా కాలింది. డైరెక్టరుగారు చెంబు ఇచ్చి అటెండరును నీళ్ళకు పంపించారు. అతను బండ చుట్టూ రెండుసార్లు తిరిగి ఖాళీ చెంబుతో వచ్చాడు. "కనబళ్ళేదు సార్."

"వెతకడం కూడా చేతకాదు" అని విసుక్కుని, ఆయన చెంబు తనే అందుకుని, రెండో చేత్తో జీపీఎస్ పెట్టె పట్టుకుని బయల్దేరారు. దమయంతి వెనకాలే వెళ్ళింది. పది అడుగులు అటు, నాలుగు అడుగులు ఇటు. పెట్టె కూత పెట్టింది. దూరం సున్నా అని చూపించింది. ఆయన ఆ చోట నిలబడి కిందికి చూశారు. బూటు మడమతో బండను తట్టారు. వంగి, చెవి ఆనించబోయి, వేడికి చటుక్కున లేచారు.

ఆరోజు బియ్యమిచ్చే రోజు. మూటలు కట్టుకుని దిగబోతున్న ఆడవాళ్ళు ఆగి చూస్తున్నారు. వాళ్ళలో ఓబులమ్మ కూడా ఉంది.

"అమ్మా," అన్నారు డైరెక్టరుగారు. ఆయన పెదవులు అతుక్కుపోతున్నాయి. "కాసిని నీళ్ళు..."

"బోరు మీ కాళ్ళకిందే ఉండాది గదా సార్" అంది ఓబులమ్మ. "స్విచ్చేసుకోని తాగండి."

ఎవరూ నవ్వలేదు. నవ్వేంత ఓపిక ఆ ఎండలో ఎవరికీ లేదు. డైరెక్టరుగారు ఫ్రేములోని బొమ్మ వైపు చూశారు. షామియానా గుంజకు ఆనించిన ఆ బొమ్మలో, సరిగ్గా ఆయన నిలబడిన చోట, నీలిరంగు చల్లగా, నిండుగా ఉంది. చాలాసేపు దాన్నే చూసి, మింగడానికి ఉమ్మి కూడా లేక గొంతు సవరించుకున్నారు.

"దమయంతిగారూ. ఆ బొమ్మ అడుగున మొదట్లో మీరేదో చిన్న అక్షరాలతో రాసినట్టున్నారు?"

"గమనిక సార్."

"ఏమని?"

"బోర్లు గీతకు అటూ ఇటూ ఉన్నవి, బొమ్మ కోసం గీత మీదికి లాగి చూపడమైనది అని."

"మంచి గమనికే. ఎవరు తీయించారు?"

అటెండరు ఆకాశంలోకి చూశాడు. దమయంతి మాత్రం ఈసారి ఊరుకోలేదు. "మీరే సార్" అంది.

డైరెక్టరుగారు తల ఊపారు, తొండ ఊపినట్టే. "మళ్ళీ వేయించండి. అక్షరాలు కాస్త పెద్దవిగా. ఊరు కూడా లాగినదేనని చేర్చండి. కరెంటు ఆఫీసుకు నకలు పంపండి, రేషన్‌వాళ్ళకు కూడా. ఇప్పుడు నన్ను ఆ నీళ్ళ దగ్గరికి తీసుకువెళ్ళండి."

బండ దిగి, ముళ్ళ దారిలో, ఎండలో నడిచారు. ముందు బియ్యం మూటలతో ఆడవాళ్ళు, వెనక ఖాళీ చెంబుతో డైరెక్టరుగారు. రెండుచోట్ల ఆగారు. టోపీ ఎక్కడో పడిపోయింది, వెనక్కి వెళ్ళి తెచ్చుకునే ఓపిక లేక వదిలేశారు. బోరు దగ్గరికి వచ్చేసరికి బిందెలు బారులు తీరి ఉన్నాయి.

"ఎనక నిలబడు సార్" అంది ఓబులమ్మ మూట దించుతూ. ఆయన నిలబడ్డారు. తర్వాత ఆవిడకే మనసొప్పక, తన బిందె వంతును పక్కన పెట్టి ఆయన చెంబు నింపింది. ఆయన గటగటా తాగారు. చొక్కా తడిసింది, పట్టించుకోలేదు. తాగి, ఊపిరి తీసుకుని, దూరంగా కనబడుతున్న గుండు వైపు చూశారు.

"గీతనుంచి ఇక్కడికి ఎంత దూరమన్నారు?"

"నాలుగు వందల ముప్ఫై మీటర్లు సార్" అంది దమయంతి.

"కాదు. ఎక్కువే ఉంటుంది" అన్నారాయన, చెమట తుడుచుకుంటూ. "నేను స్వయంగా నడిచాను. నమోదు చేసుకోండి."

"నెత్తిన బియ్యం మూట పెట్టుకోని నడిస్తే ఇంగా ఎక్కువుంటాది సార్" అంది ఓబులమ్మ.

డైరెక్టరుగారు ఖాళీ అయిన చెంబును మళ్ళీ ముందుకు చాచారు.